ఫ్లెక్సీ వెనక బొటనవేలు

సినిమా తీయడానికి ఒక కెమెరా ఉంటే చాలని, తీశాక లోకం దానంతటదే వచ్చి చూస్తుందని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ల వయసు, ఇరవై ఎనిమిది అంగుళాల నడుము (ఇప్పటి కొలత అడగకండి), పత్రికల వాళ్ల మీద బోలెడంత గౌరవం ఉండేవి. మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఎవరైనా మైకు పట్టుకుని నవ్వుతూ నా వైపు వస్తుంటే, ఆ నవ్వు వెనక ఏముందా అని ముందు అదే చూస్తాను. నేను నటించేవి చిన్న సినిమాలు. పెద్ద సంస్థలేవీ లేకుండా నలుగురైదుగురు స్నేహితులు కలిసి తీసుకునేవి. అందుకని నన్నడిగే ప్రశ్నలు రెండే: ఎన్ని రోజుల్లో తీశారు, ఎన్ని కష్టాలు పడ్డారు. మొన్నటికి మొన్న ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ల ముందు జలుబుతో ముక్కు తుడుచుకున్నాను. సాయంత్రానికల్లా 'కన్నీళ్లు ఆపుకోలేకపోయిన హీరో' అని నా బొమ్మ వేసి పెట్టారు. మా సినిమా బాగుందని రాయరు, బాగాలేదనీ రాయరు. పాపం తీశారు అని రాస్తారు. బాగాలేదని రాసినా నేను సంతోషించేవాణ్ణి. ఈ అనుమానం జబ్బు నాకు పన్నెండేళ్ల కిందట జగ్గయ్యపేటలో అంటుకుంది.

మాది నందిగామ. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినందుకు నాకు జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖున చేరాలి. సరిగ్గా అప్పుడే స్నేహితులం కలిసి తీసిన మా మొదటి సినిమా పూర్తయింది. డైరెక్టరు ఇంటర్లో నా పక్క బెంచీవాడు. సున్నపురాయి క్వారీలో పనిచేసే మనిషి ఒకడు పని దిగి ఇంటికి నడిచి వెళతాడు, అంతే కథ. మాటల్లేవు. నేనే ఆ మనిషిని. క్వారీలో బ్లాస్టింగు ఉండని రోజు చూసుకుని, వరసగా ఏడు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి నడిచాను. "దేవుడికి ఎగ్గొట్టి తీస్తన్నారు, అది ఎవరు చూస్తారో ఏమో" అని అమ్మ ప్రతి ఆదివారం అన్నం క్యారేజీ కడుతూ అనేది. అన్నా క్యారేజీ మాత్రం ఒక్క వారమూ మానలేదు.

హైదరాబాదు వెళ్లి నటుణ్ణవుతానని నాన్నకి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు నటుడివని నీకెవరు చెప్పారు?"

"నాకే తెలుస్తుంది నాన్నా."

"లెక్క చేసినోడే దిద్దుకుంటే అందరికీ నూరే వస్తాయిరా. మూడోవాడు చెప్పాలి. ఇదిగో, ఈ పేపర్లో నీ గురించి పడనీ. పడితే హైదరాబాదు పో, ఒక సంవత్సరం నిన్నేమీ అడగను. పడకపోతే ఒకటో తారీఖుకి ల్యాబులో చేరు."

ఆ పేపరుకి మా ప్రాంతం విలేకరి స్కేలు బాబాయ్. ఊళ్లో అందరికీ ఆయన బాబాయే. తను పంపిన వార్త ఎంత పడిందో రోజూ పొద్దున్నే స్కూలు పిల్లల స్కేలుతో కొలుచుకునేవాడు, అందుకని ఆ పేరు. నేనూ డైరెక్టరూ వెళ్లి లాప్‌టాప్‌లో సినిమా చూపించాం. నలభై నిమిషాలూ కదలకుండా చూశాడు. అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

"పోస్టర్ ఆవిష్కరణ ఎప్పుడు?" అన్నాడు.

"మాకట్లాంటివి లేవు బాబాయ్. సినిమా గురించి రాయండి చాలు," అన్నాడు డైరెక్టరు.

"ఆవిష్కరణ లేకపోతే వార్త లేదబ్బాయ్. ఊరికే సినిమా తీశారంటే పేపరాఫీసులో డెస్కువాళ్లు వెయ్యరు. పెద్దమనుషులు నించోవాలి, ఫోటో ఉండాలి. అప్పుడే అది వార్త."

సినిమా తీయడం వార్త కాదు, దాని బొమ్మని ఎవరో పట్టుకోవడం వార్త. ఇందులో ఏదో మోసం ఉందని నాకు అప్పుడే అనిపించింది, కానీ ఒకటో తారీఖుకి తొమ్మిది రోజులే ఉంది.

జగ్గయ్యపేటలో ఒక లాడ్జి మేడమీద హాల్లో ఆవిష్కరణ పెట్టాం. ఒక రైసుమిల్లు యజమాని, లారీ ఓనర్ల సంఘం అధ్యక్షుడు, ఇద్దరు మాజీలు (దేనికి మాజీలో ఇప్పటికీ తెలీదు), ఒక డాక్టరుగారు వచ్చారు. మా డైరెక్టరు కళాహృదయంతో వేయించిన ఫ్లెక్సీ మీద ఉన్నది తెల్లటి క్వారీ దుమ్ములో నడిచిపోతున్న నా వీపు. మొహం ఉంటే మామూలు సినిమా అనుకుంటారట. సరే, కనీసం ఫోటోలో మొహం పడుతుందని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పౌడరు రాసుకుని వచ్చాను. అయిదుగురు పెద్దలూ ఫ్లెక్సీ కింది అంచు పట్టుకుని వరసగా నించున్నారు. పై అంచు మడతపడి జారిపోతోంది. స్కేలు బాబాయ్ కెమెరాలోంచి తల ఎత్తి అటూ ఇటూ చూశాడు. ఆయన కళ్లు నా మీద ఆగాయి.

"అబ్బాయ్, నువ్వు పొడుగున్నావుగా. ఎనక నించుని పైకెత్తి పట్టుకో."

"బాబాయ్, నేను హీరోని."

"అందుకేగా పట్టుకోమంటంది. నీ సినిమా నువ్వు కాకపోతే ఎవరు పట్టుకుంటారు?"

 వెనక్కి వెళ్లి చేతులెత్తి నించున్నాను. నా ముక్కుకి ఒక అంగుళం దూరంలో ఫ్లెక్సీ, దాని అవతల నా వీపు, ఆ అవతల లోకం. కొత్త ఫ్లెక్సీ వాసనకి తుమ్ము వస్తోంది. ఇది కావాలని చేసిన పనే, ల్యాబు వాళ్లకి మనిషి తగ్గకుండా ఎవరో చేయించిన పనే అని చివరికి ఫ్యాక్టరీని కూడా అనుమానించాను.

రెండో రోజు పొద్దున జిల్లా పేజీలో వార్త పడింది. అయిదుగురి పేర్లూ హోదాలతో సహా ఉన్నాయి. యువత ఇలాంటి ప్రయత్నాలు చేయాలని వాళ్లన్నట్టు ఉంది (ఎవరూ అనలేదు). చివరి వాక్యం 'చిత్ర బృందం తదితరులు పాల్గొన్నారు'. నేను చిత్ర బృందంలో ఉన్నానో తదితరుల్లో ఉన్నానో తేల్చుకోలేక అక్కడే కూలబడ్డాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని వార్తని రెండుసార్లు చదివి, ఫోటో చూసి, పేపరు నా ముందు పెట్టాడు.

"ఇందులో నువ్వెక్కడరా?"

నాకు ఏడుపొస్తోంది. సినిమాలో ఎంత ప్రయత్నించినా రాని ఏడుపు. అమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పేపరు మీదకి వంగింది. ఫ్లెక్సీ పై అంచున చిక్కుడుకాయల్లా కనిపిస్తున్న వేళ్లని చూసింది.

"ఇదిగో, ఈ బొటనవేలు మనోడిదే. చిన్నప్పుడు చర్చి తలుపులో పడి గోరు అణిగిపోలా?"

నాన్న పేపరు దగ్గరికి లాక్కుని ఆ వేలు చూశాడు. తర్వాత జేబులోంచి ఎర్రపెన్ను తీసి దాని చుట్టూ సున్నా చుట్టాడు.

"జవాబు లేదు గానీ స్టెప్పు కరెక్టు," అన్నాడు. "పాసు మార్కులేస్తన్నా. పో. ఒక్క సంవత్సరం."

ఆ సంవత్సరం ఎలాగో పన్నెండయింది. పెద్ద నటుణ్ణి కాలేదు గానీ, మానెయ్యాల్సిన అవసరమూ రాలేదు. స్కేలు బాబాయ్ మీద కోపం మాత్రం పోలేదు. కావాలనే నన్ను వెనక్కి తోశాడని, నా గురించి ఒక్క ముక్క రాయకుండా పెద్దల పేర్లు నింపాడని ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెప్పాను. మొన్న నందిగామ వెళ్లినప్పుడు కూరగాయల మార్కెట్లో ఆయనే ఎదురుపడ్డాడు. పత్రిక మానేశాడట, తల నెరిసింది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. తిట్టడానికి తీసుకెళ్తున్నాడు గావును, నేనూ సిద్ధంగానే ఉండాలి అనుకుంటూ వెళ్లాను.

"నా గురించి ఏదో చెప్తన్నావంట గదా, యూట్యూబులో చూశా," అంటూ బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశాడు. ప్రతి కాయితం మీదా ఎడమ పక్క ఆయన రాసింది, కుడి పక్క పేపర్లో పడింది, కింద స్కేలుతో కొలిచిన అంకె. "డెస్కులో జాగా చాలకపోతే వార్తని కింద నుంచి కోస్తారబ్బాయ్. అందుకని పెద్దోళ్ల పేర్లు పైన పెడతాం, లేకపోతే మన తల తీస్తారు. నేను రాయాలనుకున్నది కిందే రాసేవాణ్ణి. పడితే పడుద్ది."

మా వార్త కాయితం తీసి ఇచ్చాడు. 'తదితరులు పాల్గొన్నారు' కింద, ఆయన చేతిరాతలో, అచ్చు కాని నాలుగు వాక్యాలున్నాయి. 'కథానాయకుడు నడవడం నేర్చుకోవలసి ఉంది. ఏడ్చే సన్నివేశంలో ప్రేక్షకులు నవ్వారు ' (ప్రేక్షకుడు ఆయనొక్కడే, అదీ నవ్వగా నేను చూడలేదు). 'అయితే ఇంటి గుమ్మం ముందు చెప్పులు విప్పి తెల్లదుమ్ము దులుపుకునే చోట, క్వారీ నుంచి వచ్చే మా నాన్న కనిపించాడు. ఈ యువకుడు వచ్చిన ఉద్యోగం వదులుకోకుండా ఉంటే మంచిది.'

మళ్లీ చదివాను. పన్నెండేళ్లలో నా నటన గురించి ఒక విలేకరి రాసింది ఈ నాలుగు వాక్యాలే. అది పడి ఉంటే నాన్న ఆ చివరి వాక్యం కింద ఎర్రపెన్నుతో గీత గీసి నన్ను ఒకటో తారీఖున ల్యాబులో దింపి వచ్చేవాడు. ఇన్నాళ్లూ బాబాయ్‌ని తిట్టుకున్నాను గానీ, మొహమైనా తెలియని ఆ డెస్కువాడి కత్తెరే నన్ను నటుణ్ణి చేసింది. సిగ్గేసింది, ఆయన చేతులు పట్టుకున్నాను.

"నడక ఇప్పటికైనా బాగుపడిందా బాబాయ్?"

"ఇంకా అంతే," అన్నాడు, కాఫీ కప్పు నా ముందుకి జరుపుతూ.

ఆ కాయితాన్ని ఫోనుతో ఫోటో తీసి నాన్నకి పంపాను. అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"చెప్పుల ముక్క బాగా రాశాడ్రా. కానీ కింద చివరి లైను మీద నీ బొటనవేలు అడ్డం పడింది. కావాలనే పెట్టావా?"

"లేదు నాన్నా, పట్టుకునేటప్పుడు పడినట్టుంది," అన్నాను.

మళ్లీ తీసి పంపమన్నాడు. ఇంకా పంపలేదు. ఫ్లెక్సీ వెనక ముక్కు ఎగబీలుస్తూ లోకమంతా తనని దాచేస్తోందని కుమిలిపోయిన ఆ పొడుగాటి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ ఉంటాను గానీ, ఆ వేలు దానంతటదే పడిందో, నేనే పెట్టానో నాకే అనుమానంగా ఉంది.