జలంధర్ చెప్పుకోలేని నొప్పి

తొంభై ఎనిమిది వేసవిలో, ఖతార్‌లోని మెసయీద్‌లో స్కాఫోల్డింగ్ (పరంజాలు కట్టే) పని చేసే జలంధర్ నీళ్లు తాగడం తగ్గించాడు. క్యాంప్‌లో నలభై మందికి రెండే లెట్రిన్లు. తెల్లవారుజామున వరుసలో మగ్గులు పెట్టి చోటు పట్టుకునేవాళ్లు. అతని వంతు వచ్చేసరికి బస్సు హారన్ కొట్టేది. ఆపుకుని వెళ్లిపోయేవాడు. సైటులో మాత్రం 'నీళ్లు బాగా తాగండి' అని ఐదు భాషల్లో బోర్డు.

చివరికి మలబద్ధకం ముదిరి మలద్వారం దగ్గర చీలిక వచ్చింది. వెళ్లొచ్చాక గంటసేపు మంట, నెత్తురు. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ అంటే కంపెనీ 'అన్‌ఫిట్' అని ఇంటికి పంపేస్తుందని భయం.

నాలుగో నెల ఓర్చుకోలేక కంపెనీ క్లినిక్‌కి వెళ్లాడు. అక్కడి డాక్టర్ మధుసూదన్‌ది కాకినాడ. "ఇప్పుడే కత్తి అక్కర్లేదయ్యా, ఎనిమిది వారాలు చూద్దాం" అని ఇసబ్‌గోల్, ఒక ఆయింట్‌మెంట్ రాశాడు. రోజూ గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోమన్నాడు, వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నాడు.

మూడో రోజే జలంధర్ తిరిగొచ్చాడు.

"సార్, కింద రాస్తే నొప్పితోని తలకాయ పలుగుతుంది. రూంల గంగాప్రసాద్ గిది గుండెనొప్పి మందంటుండు. నాకు గుండె జబ్బా?"

"గుండె బానే ఉంది. ఆ మందు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. అప్పుడు అక్కడికి రక్తం బాగా ఆడి పుండు మానుతుంది."

"మరి తలకెట్ల తెలిసింది సార్?"

"ఒంట్లోకి ఇంకి తలలో రక్తనాళాలూ వదులవుతాయి. బఠాణీ గింజంత చాలన్నాను కదా, నువ్వెంత రాశావు?"

"ఎక్కువ రాస్తే జల్ది తక్కువైతదని..."

తొట్టికి ఇబ్బంది లేదు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎండకు సలసల కాగేవి. అందరూ తిట్టుకునే ఆ నీళ్లనే పట్టి, కాసేపు ఆరనిచ్చి కూర్చునేవాడు. కష్టమల్లా ఆపుకోకుండా ఉండడమే. మగ్గు ముందు పెట్టాలంటే వరుసలో అందరికీ కారణం చెప్పాలి. ఒక తెల్లవారుజామున చెప్పేశాడు.

"గంత పెద్దమనిషివి, గంత చిన్న జాగల దెబ్బ తాకిచ్చుకున్నవా?" అన్నాడు గంగాప్రసాద్. వరుసంతా నవ్వింది. రెండు రోజులు నవ్వి, మూడో రోజు వాళ్లే అతని మగ్గు ముందుకు జరిపారు.

ఎనిమిదో వారం డాక్టర్ చూసి, చీలిక మూసుకుందని, 'డ్యూటీకి ఫిట్' అని రాశాడు. జలంధర్ కాగితం మడిచాడు గానీ లేవలేదు.

"సార్, గుండె మందు గాడ పనిజేస్తదని ముందుగాల ఎవలు కనిపెట్టిండ్రు?"

"నాకూ తెలీదయ్యా. ఇసబ్‌గోల్ మాత్రం మానకు."