చివరి పంక్తి ఓళిగలు

మా పెద్దమ్మకు ఆదోనిలో మావాళ్ళందరి మధ్యా ఒక పేరుంది, తక్కువ సరుకుతో ఎక్కువ మందికి కడుపు నిండా పెట్టగలదని. ఎవరింట్లో కార్యమైనా వంట దగ్గర ఆమె ఉండాల్సిందే. మొదట చిత్రాన్నం దండిగా వడ్డించి ఆకలి చంపాలి. పచ్చడిలో కారం ఒక పిడికెడు ఎక్కువ పడితే జనం నీళ్ళు తాగి లేస్తారు. నెయ్యి గిన్నెలో ఎప్పుడూ చిన్న చెంచానే వేయాలి. ఇలాంటివి ఆమె దగ్గర బోలెడు. అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం మెచ్చుకోలేను. ఎందుకంటే ఒకసారి ఆ తెలివికి నేనే చెయ్యి అందించాను.

మా చెల్లెలి బిడ్డను తొట్టిల్లో, అంటే ఉయ్యాల్లో వేసే రోజు అది. తొలి బిడ్డ కాబట్టి పుట్టింట్లోనే, అంటే మా ఇంట్లోనే చేయాలి. చెల్లెలి అత్తగారిది ఎమ్మిగనూరు, బట్టల కొట్టు ఉన్నవాళ్ళు. మాకేమో నాన్న లేడు. అమ్మ పత్తి మిల్లులో దూదిలోంచి కసువు ఏరే పని చేసి మా ఇద్దరినీ పెంచింది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఉన్నంతలో చేయాలి, ఎమ్మిగనూరు వాళ్ళ ముందు తల దించుకోకూడదు, ఇదీ మా పరిస్థితి.

అమ్మ ఒక్కటే అడిగింది. "మిల్లులో నాతో పని చేసినోళ్ళు పన్నెండు మంది వస్తారు. డ్యూటీ దిగినాకనే వస్తారు. వాళ్ళ ఆకులో ఓళిగ పడాల. ఇంగేం తక్కువైనా నాకేం బాధ లేదు."

అమ్మ ఎందుకు అడిగిందో నాకు తెలుసు. నాన్న పోయిన కొత్తలో ఆ ఆడవాళ్ళే వంతులు వేసుకుని మాకు అన్నం తెచ్చిపెట్టారు. చెల్లెలూ నేనూ వాళ్ళ టిఫిను డబ్బాల్లో రొట్టెలు తిని బడికి పోయినవాళ్ళం.

పత్తికొండలో టమోటా ధర పడిపోయిన వారం అది. పెద్దమ్మ ఆటోలో గంపలకు గంపలు దింపించింది. టమోటా పప్పు, టమోటా పచ్చడి, టమోటా చారు. చిత్రాన్నం పసుపు రంగులో ఉండబట్టి బతికిపోయింది గానీ, లేకపోతే దాన్నీ వదిలేది కాదు. అలా మిగిల్చిన డబ్బంతా ఓళిగలకు, అంటే బొబ్బట్లకు పెట్టింది. ముందు రోజంతా అమ్మ, నేను, పెద్దమ్మ కూర్చుని పూర్ణం రుబ్బి, తట్టి, కాల్చాం. మనిషికి రెండు చొప్పున అందరికీ సరిపోతాయి. అమ్మ ఆ గంపల మీద తెల్ల గుడ్డ కప్పుతూ ఎంత సంతోషపడిందో.

ముప్పై మందిమి వస్తామన్న ఎమ్మిగనూరు వాళ్ళు అరవై మంది దిగారు. దిగితే దిగారు, అది కూడా సర్దుకునేదే. చెడిపోయింది మా మర్యాద వల్ల.

మా వైపు వడ్డనకు ఒక పద్ధతుంది. తినేవాళ్ళు వద్దనాలి, పెట్టేవాళ్ళు వినకూడదు. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి ఓళిగ జార్చాలి. వద్దన్నారని ఊరుకున్నామా, "ఏదో అడగాలని అడిగినారు, గంప ఎత్తుకోని పోయినారు" అని ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. అందుకని పెద్దమ్మ తన చిన్న చెంచాల విద్యలన్నీ ఆ పూటకు పక్కన పెట్టింది. "ఎయ్యండి, ఇంగొకటి ఎయ్యండి, మన పరువు పోతాది" అని వెనక నిలబడి తరుముతూనే ఉంది. మేము మీద పడి వడ్డించాం. వాళ్ళు అబ్బే వద్దంటూ వేయించుకుని, చివరికి ముట్టకుండానే ఆకులు మడిచి లేచారు. చెల్లెలి అత్తగారు చేతులు కడుక్కుంటూ, "టమోటాలు బాగా చవగ్గా ఉన్నట్టున్నాయే ఈడ" అంది. ఆమె ఆకులో మూడు ఓళిగలు అట్లాగే ఉన్నాయి. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది నాకు.

వాళ్ళు వెళ్ళాక చూస్తే గంపలో గుడ్డ తప్ప ఏమీ లేదు. కింద గేటు దగ్గర మిల్లు ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. అమ్మ వాళ్ళకు ఎదురు పోయింది.

పంక్తులు వేసిన మిద్దె మీద పెద్దమ్మ వంగి, వాళ్ళు మడిచిన ఆకులు విప్పుతోంది. విప్పిన ఆకులోంచి ఓళిగ తీసి బేసిన్లో వేస్తోంది. ఒకదానికి పచ్చడి నూనె అంటుకుని ఉంటే చెంచాతో గీకింది. నేను ఖాళీ గంప పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

"ఏందే అట్ల చూస్తాండావు? చెయ్యి పడనివే ఏరతాండాను. పెనం మీద నెయ్యేసి తిప్పితే ఎవరికి తెలుస్తాది?"

"ఎంగిలాకులోవి పెద్దమ్మా."

"అయితే నువ్వే పోయి మీ అమ్మకు చెప్పు, మిల్లోళ్ళకు ఓళిగల్లేవని. పోతావా?"

నేను పోలేదు. అమ్మ ముఖం ఎలా మారిపోతుందో ఊహించుకుని, ఇది అమ్మ కోసమే అని నాకు నేనే చెప్పుకున్నాను. పొయ్యి వెలిగించింది పెద్దమ్మ. పెనం మీద వాటిని తిరగేసింది నేను. నెయ్యి వాసనకు నోరూరేలా తయారయ్యాయి. అదీ అసహ్యమే.

పన్నెండు మందీ కూర్చున్నారు. ఉతికిన చీరలు, తలల్లో అక్కడక్కడా ఇంకా దూది పోగులు. అందరూ కలిసి బిడ్డ చేతులకు వెండి మురుగులు తెచ్చారు. నేను బేసిను పట్టుకుని ఒక్కొక్క ఆకులో రెండు ఓళిగలు వేసుకుంటూ పోయాను. వాళ్ళెవరూ చేతులు అడ్డం పెట్టలేదు. "బాగా మెత్తగా చేసినారు పాపా" అంది ఒకావిడ, తుంచి నోట్లో పెట్టుకుంటూ. ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి రెండాకుల దాకానే తల వంచుకుని వేశాను, ఆ తర్వాత మామూలుగానే వడ్డించాను.

అప్పుడు అమ్మ వచ్చి వాళ్ళ వరుసలోనే చివర కూర్చుంది. తనూ ఒక ఆకు వేసుకుంది.

అమ్మ పక్కనున్నావిడను మేం ఖాలా అని, ఉర్దూలో పిన్ని అని పిలుస్తాం. ఆమె ఆకులో రెండు వేశాను. ఖాలా, అమ్మ ఇరవై ఏళ్ళు పక్కపక్కనే కూర్చుని దూది ఏరారు. ఆమె ఆకు మీదికి వంగిన నా చెయ్యి అమ్మ ఆకు మీదికి పోలేదు. నేను ఆపుకున్నది కాదు, దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"నాకేదీ?" అంది అమ్మ.

"నీకు షుగరు కదమ్మా."

"ఈపొద్దు ఒకటి తింటే ఏం గాదులే, ఎయ్యి."

బేసిన్లో ఇంకా మూడున్నాయి. దాన్ని నడుముకు అదుముకుని నిలబడ్డాను. ఖాలా నవ్వింది. "ఏం బేటీ, మీ అమ్మ చేసే పండగలో మీ అమ్మకే లేదా?" అని తన ఓళిగ సగం తుంచి అమ్మ ఆకులో పెట్టింది.

అమ్మ బేసిను వైపు చూసింది. నా ముఖంలోకి చూసింది. అరవై మంది వదిలేసిన ఆకుల కుప్ప నా వెనకే ఉంది, దాన్నీ చూసింది. అమ్మకు అర్థమైపోయింది. ఆ సగం ఓళిగను చివరి ముక్క దాకా, వాళ్ళతో కబుర్లు చెబుతూనే తినేసింది.

ఆ సంగతి అమ్మ ఇప్పటిదాకా నన్ను అడగలేదు, పెద్దమ్మనూ అడగలేదు. మేం కలిసే ఉంటాం, కలిసే భోంచేస్తాం. కానీ నేను గరిటె అందుకుంటే చాలు, కంచం కొంచెం తన వైపు జరుపుకుంటుంది.

"ఉండనీలే, నేనే పెట్టుకుంటా" అంటుంది.