గుండెకు డాక్టరమ్మ చెప్పిన రెండో మందు

కువైట్‌లో నేను అల్ రాయ్‌లోని ఒక కార్ల సామాన్ల గోదాములో డ్రైవరుగా పనిచేసేటప్పుడు, నా గదిలో రాయచోటి నుంచి వచ్చిన భాయ్ ఒకాయన ఉండేవారు. మాది కోనసీమ. ఆయన మా పక్క వీధి షాపులో కార్ల సీట్లకు కవర్లు కుట్టేవారు. నాకంటే బాగా పెద్ద. నన్ను అబ్బోడా అని పిలిచేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక వేసవిలో, మిషను ముందు కూర్చుని ఉండగానే ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి, బీపీ బాగా ఎక్కువగా ఉందని, గుండె జాగ్రత్త అని చెప్పి మందులిచ్చి పంపారు.

అప్పటిదాకా గదంతా నవ్వించిన మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకునేవారు. ఇంటి దగ్గర భార్యకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

"ఆమెకు తెలిస్తే బువ్వ తినదు అబ్బోడా. నువ్వు గానీ చెప్పేవు!" అన్నారు.

మళ్ళీ చూపించుకోవడానికి నేనే వ్యానులో తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. మందులు మానొద్దు, ఉప్పు తగ్గించు, సిగరెట్లు వదిలెయ్, సాయంత్రాలు నడువు. ఇవన్నీ అయ్యాక ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "రోజూ ఆ రోజు జరిగిన మంచి సంగతి ఒకటి ఎవరికైనా చెప్పు. నీకు మేలు చేసినవాళ్ళకు ఆ మాట నోటితో చెప్పు. ఇదీ మందే అనుకో" అన్నారు.

వ్యానెక్కాక భాయ్ విసుక్కున్నారు. "మంచి సంగతంట! ఈ ఎండలో యాడుండాదప్పా మంచి?"

ఆ సాయంత్రం నడుస్తూ నేనే మొదలెట్టాను. "ఇవాళ జాబ్రియాలో ఒకళ్ళింటికి సామాను ఇవ్వడానికెళ్తే, పెద్దావిడ చల్లటి మజ్జిగ ఇచ్చారండి."

"ఒక్కడివే తాగొచ్చినావా?" అన్నారు భాయ్. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నోట విన్న మొదటి వేళాకోళం అదే.

తర్వాత్తర్వాత ఆయనా చెప్పసాగారు. షాపు వెనక పిల్లి పిల్లలు పెట్టిందని ఒకరోజు, పాకిస్తానీ కుర్రాడు అడగకుండానే బరువైన రెక్సిన్ చుట్ట మోసిపెట్టాడని ఇంకోరోజు. ఇక మిగిలింది మేలు చేసినవాళ్ళకు చెప్పడం. ఆయన చాలా రోజులు ఆలోచించి, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి ఫోను కలిపారు. మిషను రొదకు చెవులు కాస్త మందగించాయి కాబట్టి ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడేవారు.

"మా అమ్మ మంచాన పడినప్పుడు బిడ్డ మాదిరి చూసుకుంటివి. నేను ఒక్క మాటన్నా అనింది లేదు. నువ్వు చేసింది చిన్న పని కాదు."

అవతల ఆమె కంగారుపడింది. "ఏమైంది మీకు? మీరు ఇట్ల మాట్లాడే మనిషి కాదే. ఒంట్లో ఎట్లుండాది? నిజం చెప్పండి."

భాయ్ నావైపు చూశారు. చెప్పెయ్యమని సైగ చేశాను. చెప్పేశారు. ఆమె ఏడ్చింది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది.

"నాకు చెప్పకుండా ఎట్ల దాచినారు? సిగరెట్లు మానినారా?"

"మానినా."

"అబద్ధం! పక్కన ఎవరుండారు?"

నేను ఇరుక్కున్నాను. "తగ్గించారు వదినా."

"తగ్గించేదేంది? మానాల!"

ఫోను పెట్టెయ్యకముందే భాయ్ దిండు కింది సిగరెట్టు పెట్టె తీసి, నలిపి చెత్తబుట్టలో వేశారు. ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నారు. నిద్ర కూడా బాగా పట్టింది.

అప్పటినుంచి ఫోను వచ్చినప్పుడల్లా ఆమె ముందు మాత్రలు వేసుకున్నారా అని అడిగేది. ఆ తర్వాత తనవైపు మంచి సంగతులు చెప్పేది. కొన్ని నెలలకు బీపీ దిగింది. ఏ మందు ఎంత పనిచేసిందో తాను చెప్పలేనని, ఏదీ ఆపొద్దని డాక్టరమ్మ అన్నారు. "ఈమెకు కూడా మేలు చేసినారని చెప్పబ్బోడా" అన్నారు భాయ్. చెప్పాను. ఆవిడ నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

భాయ్ ఇంకొన్నేళ్ళు పనిచేసి, ఇక చాలు, ఖలాస్ అని ఇంటికి వెళ్ళిపోయారు. సెలవులో నేను రాయచోటి వెళ్ళేసరికి దంపతులిద్దరూ సాయంత్రం నడకకు బయల్దేరుతున్నారు. నన్నూ రమ్మన్నారు. దారి పొడుగునా మంచి సంగతులన్నీ వదినే చెప్పింది. కోడలి గురించి, కొత్త మేకపిల్ల గురించి, పక్కింటివాళ్ళ పెళ్ళి గురించి. భాయ్ రెండుమూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నారు.

"చూడబ్బోడా, నాకు వంతే రాదు" అన్నారు నా భుజం మీద చెయ్యి వేసి.