మా నోళ్లు కట్టేసిన సుశీలమ్మ

మొన్న బోధన్ దారిలో నేనెక్కిన బస్సు చెరకు లారీ వెనక చిక్కుకుంది. కిటికీలోంచి ఆ పులిసిన తీపి వాసన తగలగానే సుశీలమ్మ మేడం గుర్తొచ్చారు. డెబ్బైల మొదట్లో నిజామాబాదులో సంక్షేమ కార్యకర్తలుగా శిక్షణ పొందుతున్న మాకు, కష్టంలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో, వాళ్ల పక్కన ఎలా నిలబడాలో ఆమె నేర్పేవారు. మాట్లాడటం కూడా ఒకరు నేర్పాలా అనుకునేవాణ్ణి. నాకు మాటలకేం కరువు? కరువల్లా వినేవాళ్లకే.

ఒకరోజు ఎడపల్లి నుంచి గంగవ్వ అనే చెరకు కూలీ మా శిక్షణ కేంద్రానికి వచ్చింది. చెరకు బండి బోల్తాపడి ఆమె భర్త కాలు విరిగింది. పనిచేయనివాడికి చక్కెర ఫ్యాక్టరీ గుడిసె ఎందుకు, ఖాళీ చేయమన్నాడట మేస్త్రీ. నేను పక్కన కూర్చుని, మంచినీళ్లిచ్చి, ఆమె కన్నీళ్లు ఆగేదాకా మాట్లాడి, గర్వంగా మేడం వైపు చూశాను.

“ఏడుపు ఆపినవు, మంచిగుంది. మరి గుడిసె?” అన్నారామె.

నాకు ఓదార్చడం వచ్చు. ఓ దారి చూపడమే రాదు.

మేడం కాలు మీద కాలేసుకుని కుర్చీలో కూర్చుని ఉత్తుత్తి ఫ్యాక్టరీ ఆఫీసరయ్యారు. నన్ను చప్రాసీని చేశారు. “ఎవరామె? బయటికి పంపు!” అని గదమాయిస్తే గంగవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ గదమాయిస్తే నవ్వు పోయింది. నన్ను పక్కకు నెట్టి, “నేనేడికి పోవాలె?” అని గట్టిగా అడిగింది.

“గిదే మాట. గిట్లనే అడుగు,” అన్నారు మేడం.

మర్నాడు ఫ్యాక్టరీలో అసలు ఆఫీసరు మేడానికి కుర్చీ చూపించాడు. ఆమె అందులో గంగవ్వను కూర్చోబెట్టారు. “చెప్పండి మేడం,” అన్నాడాయన. మేడం గంగవ్వ వైపు చూశారు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కారు. ఇక గుడిసె పోయినట్టే అనుకున్నాను.

“మీ చెరుకు మోసుకుంటనే గదా సారూ, ఆయన కాలిరిగింది,” అంది గంగవ్వ నెమ్మదిగా. “లేసి నడిసేదాక మేం యాడికీ పోము. ఆయన కోత గూడ నేనే కోస్త.”

ఆఫీసరు మేస్త్రీని పిలిపించి, ఆ గుడిసె జోలికి పోవద్దన్నాడు.

బయటికొచ్చాక ఆమె దండం పెడుతుందని, “అయ్యో, వద్దమ్మా” అనడానికి నేను సిద్ధమయ్యాను. గంగవ్వ మమ్మల్ని మరిచేపోయింది. గేటు దగ్గర తోటి ఆడకూలీల మధ్య చేతులు తిప్పుతూ, “నేనన్న... గాయన సూసిండు... మల్ల నేనన్న...” అని చెబుతోంది.

“ఇంటున్నవా? మన పేరుందా అందుల?” అన్నారు మేడం.

“లేదు మేడం.”

“గట్లయితే పనయినట్టే. నడువు.”

తర్వాత ఎన్నో ఏళ్లు నేనూ ఈ పనే చేశాను. పని కాగానే వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే, ఇప్పటికీ అరక్షణం మనసు చివుక్కుమంటుంది. కడుపు నిండేది ఆ తర్వాతే.