ఉమ్మడి సర్వర్

పరిశోధన గ్రంథాలన్నిటినీ దాచిపెట్టి, అడిగినవాళ్లకి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ కాలేజీ లైబ్రరీలో ఉంది. దాని ఆలనా పాలనా చూసే ఆవిడని పిల్లలు సర్వరమ్మ అంటారు. ఆ పేరు వింటే ఆవిడకి ఒళ్లు మండుతుంది. ఆ సర్వర్ ఏనాడూ ఆవిడ మాట విన్నది కాదు మరి.

అసలు గొడవ ఇదీ. పేజీలు తెచ్చిచ్చే వెబ్ సర్వర్‌ని ఆ సాఫ్ట్‌వేర్ కడుపులోనే పెట్టుకోవచ్చు, లేదా బయట విడిగా ఉన్న సర్వర్ మీద నడపవచ్చు. కాలేజీలో ఉన్నది విడి సర్వరే. పేరుకే విడి, నిజానికి ఉమ్మడి సొత్తు. హాస్టల్ పేజీ, హాజరు పేజీ, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అన్నీ దాని మీదే బతుకుతాయి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

"మన సాఫ్ట్‌వేర్‌కి సరిపడే సర్వర్ దాంతోపాటే వస్తుందండీ. అది పెట్టుకుంటే ఎవరేం మార్చుకున్నా మన జోలికి రాదు," అని కాలేజీ డైరెక్టరు గారికి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

"అన్నీ ఒక్కచోట ఉంటే కాపలా సులువమ్మా," అన్నాడాయన. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు, అదే ఆవిడకి మరింత కోపం తెప్పించింది. "ముందు మీరు సెలవు మీద వెళ్లి రండి. తర్వాత చూద్దాం."

సెలవు అమ్మ కంటి ఆపరేషన్‌కి. ఒక కన్ను ఎప్పుడో పోయింది, మిగిలినదానికి పొర కమ్మింది. "కట్టు విప్పినప్పుడు ఎదురుగా నువ్వుండాలే. చూపొస్తే ముందు నీ మొహమే చూడాలి," అంది అమ్మ.

"ఇంకెక్కడికి పోతానే," అంది కూతురు.

ఆపరేషన్ అయిన మర్నాడు, డాక్టరు పక్క మంచం దగ్గర కట్టు విప్పుతుండగా ఫోను మోగింది. హాస్టల్ పేజీ చూసే ఆయన చావు కబురు చల్లగా చెప్పాడు. "మా పేజీ కోసం సర్వర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించామండీ. దాని మీద మీది లేవనంటోంది. పిల్లలు థీసిస్‌లు పెట్టడానికి ఇవాళే ఆఖరంట."

"నేను లేనప్పుడు ముట్టుకోవద్దన్నానా?"

"మీది ముట్టుకోలేదండీ. సర్వర్‌నే ముట్టుకున్నాం."

అమ్మ చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, "ఒక్క నిమిషమే," అని వరండాలోకి వచ్చింది. పాత వెర్షన్‌ని వెతికించి, మళ్లీ ఎక్కించే కమాండుని ఫోనులో ఒక్కో అక్షరం చదివి ఆయన చేత కొట్టించింది.

"చుక్క పెట్టారా?"

"పెట్టాలా?"

ఆ చుక్క దగ్గర ఆవిడకి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఎట్టకేలకు లైబ్రరీ పేజీ లేచింది. అటువైపు డైరెక్టరు గారు ఫోను అందుకున్నారు.

"చూశారా, అక్కడినుంచే లేపేశారు. ఇంతోటి దానికి మార్చడం ఎందుకమ్మా?"

ఆవిడ ఫోను పెట్టేసి లోపలికి పరిగెత్తింది.

అమ్మ కట్టు అప్పటికే విప్పేశారు. డాక్టరు మూడో మంచం దాకా వెళ్లిపోయాడు. అమ్మ అలికిడికి తల తిప్పి, కూతుర్ని తేరిపార చూసింది.

"ముందు నర్సమ్మ కనపడింది. పోన్లే," అంది. మళ్లీ చూసి, "జుట్టు ఇంతలా ఎప్పుడు తెల్లబడిందే?" అంది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి దాని నోరు నొక్కేసి, సర్వరమ్మ అమ్మకి ఎదురుగా కూచుని ఏడ్చింది.