వెనక్కి పిలవని బేరం

ఆ రోజుల్లో నా ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, బేరం మాత్రం నా రక్తంలోనే ఉందని గట్టి నమ్మకం. పశువుల సంతలో దళారీగా పేరు మోసిన మా మామ, "ఒరే అల్లుడా, ధర చెప్పి వీపు చూపియ్యాల. వాళ్లే పిలుస్తారు" అని నూరిపోసి మరీ నన్ను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కు చదువుకు పంపాడు. (నా సామాన్లలో బరువు లేనిది అదొక్కటే.) అక్కడ ఒక గోడౌన్‌లో తెల్లవారుజాము షిఫ్టు దొరికింది. ఆ వేళకు బస్సుల్లేక రెండుసార్లు ఆలస్యమయ్యాను. మూడోసారి ఆలస్యమైతే రోటాలో, అంటే డ్యూటీల పట్టీలో, పేరుండదని సూపర్‌వైజర్ చెప్పేశాడు. ఆ పని పోతే ఫ్లాట్ ఖాళీ చేయాల్సిందే. అందుకే పక్కింటి ఐరిష్ అంకుల్ తన పాత సైకిలు అమ్ముతానని గేటుకు అట్టముక్క కట్టగానే వెళ్లి వాలాను.

ఆయన ధర చెప్పాడు. నేను సగానికి అడిగాను. "అయితే పోయిరా బాబూ" అని ఆయన ఇంట్లోకి తిరిగాడు. నేనూ తిరిగి, మామను తలుచుకుని ఠీవిగా నడిచాను. పిలుపు రాలేదు. వీధి చివర ఆగి షూ లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాను. ఓరకంట చూస్తే ఆయన కూడా గుమ్మంలోనే నిలబడి, తళతళలాడుతున్న తలుపు పిడిని మళ్లీ తుడుస్తున్నాడు. (ఆయన పుట్టిన పల్లెలోనూ ఒకప్పుడు సంత రోజున అలా తిరిగి వెళ్లిపోవడమే బేరంలో మర్యాదట. నాకేం తెలుసు?) చినుకులు మొదలయ్యాయి. రేపటి షిఫ్టు గుర్తొచ్చి నాకు నిజంగానే భయం వేసింది.

చివరికి ఆయన భార్య ఏప్రన్‌తోనే వీధిలోకి వచ్చి, నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లింది. "మా ఊరి సంతలో ఇలాంటి మొండివాళ్లను కలపడానికి మధ్యవర్తి ఉండేవాడు. ఇవాళ ఆ పని నాకు పడింది. తేడా చెరిసగం చేసుకోండి" అంది ఆంటీ. బేరం కుదిరిందనడానికి గుర్తుగా అంకుల్ తన అరచేతిలో ఉమ్మి, నా చేతిని ఫట్‌మని చరిచాడు. డబ్బు తీసుకుని అందులోంచి ఒక నాణెం తిరిగి నాకిచ్చాడు. నేను నిజాయితీపరుణ్ణి కదా, "ఎక్కువిచ్చారు అంకుల్" అని వెనక్కి పెట్టాను. ఆయన మొహం మాడిపోయింది. "అది కొన్నవాడి అదృష్టం కోసం అమ్మినవాడు ఇచ్చేది. అది వద్దంటే సైకిలూ వద్దన్నట్టే" అన్నాడు. గబుక్కున జేబులో వేసుకున్నాను. మర్నాడు షిఫ్టుకు అరగంట ముందే చేరాను.

మొన్న లీడ్స్‌లో మా ఇంటికి, నేను అమ్మకానికి పెట్టిన సైకిలు కోసం ఒక తెలుగు కుర్రాడు వచ్చాడు. చెప్పిన ధర చెప్పినట్టు ఫోన్‌లోనే డబ్బు పంపేశాడు. వీపు చూపించే అవకాశమే ఇవ్వలేదు, మనసు చివుక్కుమంది. అయినా ఒక నాణెం తీసి ఇచ్చాను. "ఇదెందుకు అంకుల్, ఉంచుకోండి" అన్నాడు. అచ్చం ఐరిష్ అంకుల్‌లా మొహం మాడ్చుకుని ఈ కథంతా మొదలుపెట్టాను. కాసేపు విని, "షిఫ్టుకు టైమవుతోంది అంకుల్" అంటూ నాణెం జేబులో వేసుకుని సైకిలెక్కాడు. ఈసారి నేను వీపు తిప్పలేదు. వాడు మలుపు తిరిగేదాకా చూస్తూ గేటు దగ్గరే నిలబడ్డాను.