ఎడమ పక్క కనిపించే కారు

మొన్న మంగళవారం పంటి డాక్టరు దగ్గరికని ఆటోలో వెళ్తున్నాను. నెహ్రూ చౌక్ సిగ్నల్ దగ్గరికి చేరేసరికి నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుని "రెడ్" అంది. పక్క ఆటోలో వాళ్ళు తిరిగి చూసేటంత గట్టిగా అంది. ఆటో నడుపుతున్న పెద్దాయన అద్దంలోంచి నన్నోసారి చూసి, "దిఖ్ రహా హై, మాతాజీ" అన్నాడు. కనిపిస్తోందిలే తల్లీ, అని. అతని గొంతులో విసుగేమీ లేదు. అయినా ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. పన్ను నొప్పి కాబోలనుకుని అతను అక్కడినుంచి గుంటలు తప్పించి మరీ నడిపాడు. దిగేటప్పుడు లవంగం పెట్టుకోమని సలహా కూడా ఇచ్చాడు.

ఈ అలవాటు నాకు మా ఆయన నేర్పింది. ఆయన రైలు డ్రైవరు. తరవాత ఆ ఉద్యోగానికి లోకో పైలట్ అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో చివరిదాకా డ్రైవరే. ఇంజన్లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కనపడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి. రెండోవారు తమ కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరు పొరబడినా రెండోవారు పట్టుకుంటారని ఆ పద్ధతి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికొచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయిన కుటుంబాలు మావి. పుట్టింటి క్వార్టరుకీ అత్తింటి క్వార్టరుకీ మధ్య రెండు వీధులే దూరం, కాబట్టి కాపురానికి రావడమంటే నాకు స్కూటరెక్కడమే. వెనక కూచుని కునుకు తీస్తున్నానని పెళ్ళయిన కొత్తలోనే ఆయన నన్ను అసిస్టెంటుగా వేసుకున్నారు. నేను "గేటు పడింది" అంటే ఆయన "గేటు పడింది" అనాలి. "ఎడమ పక్క ఆవు" అంటే "ఎడమ పక్క ఆవు". కాలనీలో మా స్కూటరు హారను కన్నా ముందు మా మాటలు వినపడేవని చెప్పుకునేవారు. మొగుడు తానా అంటే పెళ్ళాం తందానా అనాలి గానీ ఈ ఇంట్లో అంతా తిరగబడిందేమిటని మా అత్తగారు మూతి తిప్పేవారు. ముప్ఫై ఏళ్ళు అలాగే నడిచింది. అన్నేళ్ళు నడిచిన పద్ధతిలో ఏ ముక్క ఎప్పుడు రాలిపోయిందో ఎవరు చూస్తారు?

రిటైరయ్యాక ఊరి అంచున తిఫ్రాలో మూడు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఏడాదిన్నర తిరక్కుండానే ఆయన హిందీ పేపర్లోంచి ఒక ముక్క కత్తిరించి తెచ్చి నా ముందు పెట్టారు. కార్ల పోటీ. రాయ్‌పూర్‌లో బయల్దేరి, బస్తర్ కొండలెక్కి దిగి, విశాఖ మీదుగా చెన్నై దాకా ఐదు రోజులు. రోడ్డు మీద వేగం లెక్కలోకి రాదు, టైమే లెక్క. ఫలానా ఊరికి ఫలానా నిమిషానికి చేరాలి. ముందు చేరినా మార్కులు కోస్తారు, వెనక చేరినా కోస్తారు. మధ్యలో ఒకచోట, ఆఖర్న ఒకచోట రేసు ట్రాకు మీద నడపాలి, అక్కడ మాత్రం ఎవరు ముందు తిరిగొస్తే వాళ్ళది. రెంటికీ ఒకే కారు. మనుషులు ఇద్దరు, ఒకరు నడపాలి, రెండోవారు దారి పుస్తకం చదివి మలుపులు చెప్పాలి. "ఇది పందెం కాదే, మన డ్యూటీయే" అన్నారు. నేను నవ్వాను. అరవై దాటిన మనిషి, కారు నేర్చుకుని మూడేళ్ళు కాలేదు, సొంతానికి కారు లేదు. ఆయన నవ్వలేదు. "ముప్ఫయ్యారేళ్ళు నడిపాను. ఒక్కనాడూ నేను తిప్పలేదే. పట్టాలు ఎటు తిరిగితే అటు తిరిగాను. ఒక్కసారి నేను తిప్పాలి."

ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు. నిజమే, రైలింజనుకి స్టీరింగు ఉండదు. అన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. దరఖాస్తు నేనే నింపాను. కంటి పరీక్ష సర్టిఫికెట్టు ఒకటి జతచేయమన్నారు. రైల్వేవాళ్ళం, మెడికల్స్ మాకు కొత్తా, ఆఖర్న చేయించుకుందాం లెమ్మన్నారాయన. సరేనన్నాను.

కారు వెతికే పని మా తమ్ముడి మీద పడింది. తిఫ్రాలోనే వాడికి పాత కార్లు కొని బాగుచేసి అమ్మే షెడ్డుంది. వాడు వారానికొక కారు తెచ్చేవాడు. ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు కట్టుకుని ముగ్గురం చకర్‌భాటా విమానాశ్రయం మలుపు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. మా ఆయన కారుని చూసే తీరు చూడటానికే షెడ్డులో మెకానిక్కులు టీ గ్లాసులతో బయటికొచ్చేవారు. ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ. తరవాత చిన్న సుత్తితో చక్రాల మీద టంగు టంగుమని కొట్టి చెవి ఒగ్గడం. నడిపి వచ్చాక అరచేయి తిరగేసి ప్రతి చక్రం దగ్గరా పెట్టి వేడి చూడటం. చివర్న, "బండి ఫిట్టే, కానీ" అనేవారు. ఆ "కానీ" దగ్గర మా తమ్ముడి మొహం వాడిపోయేది.

మొదటి కారుకి అద్దం పక్కనుండే స్తంభం లావు, ఎడమ పక్క ఏమీ కనపడటం లేదన్నారు. రెండోదానికి అద్దాల రంగు ముదురు. మూడోది జీపులాంటి ఎత్తు బండి, రోడ్డుకి బాగుంటుంది గానీ ట్రాకు మలుపులో పల్టీ కొడుతుందని ఈసారి మా తమ్ముడే వద్దన్నాడు. నాలుగోదానికి పక్క అద్దం చిన్నది. ఐదోదాంట్లో నన్ను సీటు వెనక్కి జరుపుకోమన్నారు, నేను అడ్డొస్తున్నానట. వయసు మీద పడ్డాక ఒళ్ళు చేసిన మాట నిజమే గానీ, దాన్ని ఒక పెద్దమనిషి నా తమ్ముడి ఎదట, మెకానిక్కుల ఎదట అనొచ్చా? ఆ వారమంతా ఇంట్లో ఉప్పు లేని పప్పే వండాను. పాపం, ఆయన మారుమాట్లాడకుండా తిన్నారు. ఆరోది పెట్టెలాంటి పాత కారు, నాలుగు వైపులా వెడల్పాటి అద్దాలు. దాంట్లో కూచుని ఆయన చాలాసేపు తలని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇదే బాగుంటుందేమో అన్నారు. గట్టిగా అనలేదు.

ఏడోది ఎర్ర రంగు చిన్న కారు. నేలబారుగా ఉంటుంది, కాలు ఆనించగానే దూకుతుంది. ఇదైతే ట్రాకు మీద ఎవరికీ దొరకరు బావా, ఆ పెట్టె బండయితే అందరికన్నా వెనకే, అన్నాడు మా తమ్ముడు. నాకూ అదే నచ్చింది. అప్పటికి పోటీ పిచ్చి ఆయనకన్నా నాకే ముదిరింది. బహుమతి తీసుకుంటూ ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు. ఆయన పెట్టె బండే కావాలన్నారు. ఎందుకంటే చెప్పరు. మాటా మాటా పెరిగింది. ఇన్ని వారాలు వంకలు పెట్టడం తప్ప మీకు నడిపే ధైర్యం లేదు, ఊరికే మమ్మల్ని తిప్పుతున్నారు, అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం నల్లబడింది. ఎర్ర కారు తాళం తీసుకున్నారు. నేను పక్కన కూచుని మూతి బిగించాను. ఈ రోజు అసిస్టెంటు సెలవు, నోరు విప్పేది లేదని పంతం పట్టాను.

ఊరు దాటాం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. నా ఎడమ పక్కన, రోడ్డు అంచున ఒక పాలమనిషి సైకిలు మీద వెళ్తున్నాడు, రెండు పక్కలా క్యాన్లు. నాకు చాలా ముందే కనపడ్డాడు. నోటిదాకా వచ్చిన మాటని మింగాను. ఆయన తప్పిస్తారులే అనుకున్నాను. కారు ఒక్క జానెడు కూడా కుడికి జరగలేదు. ఇంక ఆగలేక కేక పెట్టాను. కారు క్యానుకి తగిలింది, సైకిలు మడిలోకి ఒరిగింది. పాలు మట్టిలో పోయాయి. ఆ మనిషికి మోచేయి చెక్కుకుపోయింది, అంతే. దేవుడు చల్లగా చూశాడు. వెనక మోటారుసైకిలు మీద వస్తున్న మా తమ్ముడు పరుగెత్తుకెళ్ళి అతన్ని లేపాడు. నేను మా ఆయన వైపు తిరిగాను. నా కేక విని బ్రేకు మీద నిలబడ్డ మనిషి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, నన్ను అడిగారు.

"ఏటయింది? ఏటే, ఏటయింది?"

ఏమయిందో ఆయనకి నిజంగా తెలీదు.

పాలమనిషిని మా తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మేమిద్దరం రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూచున్నాం. బొగ్గు లారీలు పోతున్నాయి. ఆయన, "ఈ కార్లో కూడా లేదే" అన్నారు.

"ఏటి లేదు?"

"ఎడమ పక్క."

అప్పుడు చెప్పారు, నేల చూస్తూ. మొదటి కార్లో స్తంభం అడ్డమనుకున్నారట. రెండోదాంట్లో అద్దం రంగనుకున్నారు. తరవాత నేను అడ్డమనుకున్నారు. ఆరోదాంట్లో కొంచెం కనపడినట్టే అనిపించిందట. నాకు ఒళ్ళు మండింది, గుండె పగిలింది, రెండూ ఒకేసారి. అన్ని కార్లలోనూ అదే చోట పోతోందంటే తప్పు కారుది కాదని డ్రైవరు పని చేసిన మనిషికి తెలీదా అని అడిగాను. "తెలుసు" అన్నారు. "ఇంకోటి చూద్దాం, ఇంకోటి చూద్దాం అనుకున్నాను." డ్యూటీలో ఉండగా కూడా ఇలాగే ఉందా అన్నాను. లేదు, ఆఖరి మెడికల్ వరకూ బాగానే ఉందన్నారు. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

కంటి డాక్టరు రెండు గంటలు పరీక్షించింది. కళ్ళల్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట, ఎడమ కన్ను మరీనట. మా పెద్దవాళ్ళు నీటికాసులనేవారే, అది. పోయిన చూపు రాదు, మిగిలినది ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. ఒక్క ఏడాది ముందు తెచ్చి ఉంటే ఎడమ పక్క ఇంత పోయేది కాదంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా అని హిందీలో అడిగింది, నన్ను చూస్తూ. ఏం చెప్పను? గమనించడానికి నేను సందు ఇస్తేనా? బజారుకెళ్తే గుంత నేను చెప్పాను, మెట్టు నేను చెప్పాను, ఎదురొచ్చే మనిషిని నేను చెప్పాను. చూసి తిరిగి చెప్పాలన్న పద్ధతిలో చూడటం ఎప్పుడో రాలిపోయింది, తిరిగి చెప్పడం ఒక్కటే మిగిలింది. నేను చెప్పడం మానేసి ఉంటే ఏ తలుపుకో కొట్టుకునేవారు, తిట్టుకుంటూనే డాక్టరు దగ్గరికి లాక్కొచ్చేదాన్ని. నేను చెప్తున్నంత కాలం ఆయనకి కళ్ళున్నాయనే ఇద్దరం అనుకున్నాం.

మా తమ్ముడు ఎర్ర కారుని కనపడకుండా వెనక షెడ్డులో పెట్టేశాడు. దరఖాస్తు గడువు ఇంకా నాలుగు రోజులుంది. మూడో రోజు పొద్దున నేను కూర తరుగుతుంటే ఆయన వచ్చి ఎదురుగా పీట మీద కూచున్నారు. బతిమాలడం తెలియని మనిషి. "నువ్వు చెప్తూ ఉండు, నేను నడుపుతాను. ఇన్నాళ్ళూ అదే కదా చేశాం. అయిదు రోజులే. సర్టిఫికెట్టు సంగతి ఎవరో ఒకరు చూస్తారు." మడిలో పడ్డ సైకిలు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఆయన కోరినదల్లా ఒక్కసారి స్టీరింగు తిప్పడమే, అదీ కదలడం లేదు. "చెప్పను" అన్నాను. "మీరు చూడకుండా తిరిగి చెప్తారు. ఇంక నేను చెప్పను." ఆయన "అచ్ఛా" అని లేచారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పోటీ మొదలైన రోజు పొద్దున ఆయన తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వరండాలో కుర్చీ వేసుకుని చేతి గడియారం చూస్తూ కూచున్నారు. దరఖాస్తు ఫారంతో పాటు పోటీవాళ్ళు పంపిన దారి పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. ఐదు రోజులూ చదివాను, వంటా వార్పూ మధ్యలో. "ఇప్పుడు బస్తర్‌లో కేష్కాల్ కొండ దారి ఎక్కుతుంటారు" అనేవారు. "ఇప్పుడు మన శ్రీకాకుళం వైపు దిగుతుంటారు." మూడో రోజు ఒక పేజీలో "ఎడమ పక్క లోయ" అని ఉంది. చదివి, నా నాలుక కొరుక్కున్నాను. ఆయన తల పూర్తిగా ఎడమకి, రోడ్డు వైపు తిప్పి, నిదానంగా చూసి, "ఎడమ పక్క లోయ" అన్నారు. లోపలికెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ తరవాత మూడేళ్ళున్నారు. కుడి కంటి చూపు కూడా సన్నగిల్లుతూ వచ్చింది. చివరికి కళ్ళు కాదు, గుండె తీసుకుపోయింది. సంతాపానికి వచ్చిన పాత డ్రైవర్లంతా ఒకే మాట అన్నారు, ఎంత లేటైన బండినైనా దారిలో ఆ లేటు సరిచేసి టైముకి తెచ్చేవాడు, అలాంటి చెయ్యి మళ్ళీ చూడలేదు అని. నేను తలూపుతూ కూచున్నాను. అలాంటి మనిషి పక్కన ముప్ఫై ఏళ్ళు కూచుని, ఆయన చూపు దక్కడానికి కావలసిన ఒక్క ఏడాదినీ, అన్నీ ప్రేమగా ముందే చెప్తూ లేటు చేసినదాన్ని నేను. ఆ లేటు సరిచేసే డ్రైవరు ఇంకా పుట్టలేదు.